టంగుటూరి సూర్యకుమారి నాటక జీవితానికి మన చరిత్రలో చోటేది?

సంపాదకులకు నమస్కారం.

టంగుటూరి సూర్యకుమారి గారి శతజయంతిని పురస్కరించుకుని మీ పత్రిక ఆదివారం సంచికలో ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. 1925 నవంబర్ 13న రాజమండ్రిలో పుట్టిన ఆ గాయనిని తలచుకున్న పత్రికలు ఎన్నో లేవు కనుక, ముందుగా మీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అయితే ఆ వ్యాసంలో 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' పాట గురించీ, ప్రకాశం పంతులు గారితో ఆమెకున్న బంధుత్వం గురించీ, 1952లో ఆమె మిస్ మద్రాస్‌గా ఎంపిక కావడం గురించీ వివరంగా రాసిన వ్యాసకర్త, ఆ తర్వాతి కాలమంతటినీ 'అనంతరం విదేశాల్లో స్థిరపడ్డారు' అనే ఒకే వాక్యంలో ముగించారు. ఆమె సినిమా జీవితం 1937లో మొదలై 1950ల నడిమికి దాదాపుగా ముగిసింది. 1965లో లండన్ చేరిన ఆమె 2005 ఏప్రిల్ 25న అక్కడే కన్నుమూశారు. అంటే ఆ ఒక్క వాక్యం కింద నలభై ఏళ్ల లండన్ జీవితం, దానికి ముందు న్యూయార్క్ రంగస్థలం మీద ఆమె సాధించిన విజయం కనబడకుండా పోయాయి. ఈ లోపం మీ వ్యాసకర్త ఒక్కరిదే అనను. తెలుగు నాటకరంగం గురించి నేను చదివిన పుస్తకాల్లో కూడా ఆమె ప్రస్తావన ఉంటే సినిమా నటిగానో, దేశభక్తి గీతాల గాయనిగానో ఉన్నదే తప్ప, రంగస్థల నటిగా లేదు. ఆమెను ముందుగా రంగస్థలం మీద పాడి నటించిన కళాకారిణిగా చూడాలనీ, సినిమా అందుకు శిక్షణగా ఉపయోగపడిందనీ నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి కారణాలు చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. కొంచెం దీర్ఘమైనందుకు మన్నించగలరు.

సూర్యకుమారి 'విప్రనారాయణ' చిత్రంతో తెరమీదికి వచ్చేనాటికి ఆమెకు పన్నెండేళ్లు. అప్పటికి మన సినిమాల్లో నేపథ్యగానం లేదు. కెమెరా ముందు నిలబడి నటిస్తున్నవారే, ఆ క్షణంలోనే, పాట కూడా పాడాలి. వాద్యబృందం కెమెరా కంటికి దూరంగా ఎక్కడో కూర్చుంటుంది. పాట మధ్యలో శ్రుతి తప్పినా, అడుగు తప్పినా, మాట తడబడినా మొత్తం మళ్లీ మొదటికే వస్తుంది. నాటకంలో హార్మోనియం పక్కన నిలబడి పద్యం ఎత్తుకునే నటికి ఏ సామర్థ్యం కావాలో, ఆనాటి సినిమాకూ అదే కావాలి. అందుకే ఆ రోజుల్లో తెరమీదికి వచ్చినవారిలో చాలామంది నాటకాల నుంచి వచ్చినవారే. సూర్యకుమారి దారి మాత్రం ఇందుకు భిన్నంగా సాగింది. సినిమాలో పాడుతూ నటించడం నేర్చుకుని, ఆ విద్యను తర్వాత నాటకశాలకు తీసుకువెళ్లారు.

1939లో గూడవల్లి రామబ్రహ్మం గారు తీసిన 'రైతుబిడ్డ'లో ఆమె నటించారు. జమీందారీ వ్యవస్థను ఎత్తిచూపినందుకు కొన్ని జిల్లాల్లో నిషేధానికి గురైన చిత్రంగానే ఆ పేరు మనకు తెలుసు. కానీ ఆ చిత్రంలో ప్రధాన పాత్రధారి బళ్లారి రాఘవ గారన్న సంగతిని, సూర్యకుమారి గురించి చెప్పేటప్పుడు ఎవరూ గుర్తు చేయరు. నాటకంలో పద్యం కోసం పాత్రను బలిపెట్టకూడదని, రాగాలాపన మోతాదు మించితే నటన చచ్చిపోతుందని పట్టుబట్టిన నటుడాయన. కుటుంబ స్త్రీలు రంగస్థలం మీదికి రావాలని ప్రోత్సహించినవాడు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో అటువంటి నటుడి పక్కన పనిచేసిన అమ్మాయి ఏం గమనించి ఉంటుందో మనం ఊహించగలమే గాని రుజువు చేయలేం. అయితే ఆమె పాటల్లో, గమకం చేయగలిగిన చోట కూడా మాట స్పష్టత కోసం గొంతును అదుపులో పెట్టుకోవడం మాత్రం ఎవరి చెవికైనా అందుతుంది. రెండేళ్ల తర్వాత బి.ఎన్. రెడ్డి గారి 'దేవత'లో నాగయ్య గారికి చెల్లెలిగా నటించినప్పుడు కూడా ఆ అదుపు కనిపిస్తుంది.

1940ల నడిమి నుంచి నేపథ్యగానం స్థిరపడింది. పాడేవారు వేరు, కనిపించేవారు వేరు అయ్యారు. సంగీతానికి జరిగిన మేలు సంగతి ఎలా ఉన్నా, రెండూ కలిసి చేయగలిగిన నటీమణులకు మాత్రం చోటు తగ్గిపోయింది. ఆమె పుట్టిన 1925లోనే పుట్టిన భానుమతి గారు తన పాట తానే పాడతానని నిలబడి, తన స్టూడియో, తన సినిమాలు తాను సమకూర్చుకుని నెగ్గుకొచ్చారు. అలా నిలిచినవారు అరుదు. సూర్యకుమారి పాట ఒకవైపుకు, నటన మరోవైపుకు వెళ్లాయి. పాట గ్రామఫోన్ రికార్డుల్లోకి, రేడియోలోకి చేరింది. నటన క్రమంగా సహాయ పాత్రలకు పరిమితమైంది. 1955లో దిలీప్ కుమార్, నిమ్మీ నటించిన హిందీ చిత్రం 'ఉడన్ ఖటోలా'లో ఆమె వేసిన రాణి పాత్ర హుందాగా ఉంటుంది, కానీ అది ఆమె గొంతును వాడుకున్న పాత్ర కాదు. ఆమె పడమటి రంగస్థలం వైపు వెళ్లడానికి సొంత కారణాలు ఎన్ని ఉన్నా, పాడుతూ నటించే మనిషికి ఇక్కడి సినిమాలో చోటు మూసుకుపోవడం వాటిలో ఒకటై ఉంటుందని నేను నమ్ముతున్నాను.

రికార్డుల గురించి మీ వ్యాసం చెప్పినదానికి కొంత చేర్చాలి. శంకరంబాడి సుందరాచారి గారు 'దీనబంధు' సినిమా కోసం రాసిన 'మా తెలుగు తల్లికి' గీతం ఆ సినిమాలో చోటు దక్కించుకోలేదు. సూర్యకుమారి గొంతుతో గ్రామఫోన్ రికార్డుగా వెలువడిన తర్వాతే అది ఇంటింటికీ చేరి, చివరికి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారి 'మాది స్వతంత్ర దేశం' కూడా, స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు రేడియో నుంచి, ఆమె గొంతుతోనే తెలుగువారికి చేరింది. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగే ఆనాటి రికార్డు ఒక పక్కన పట్టేది మూడు నిమిషాల పాట మాత్రమే. అంత చిన్న నిడివిలో పాటను పూర్తిగా నిలబెట్టాలంటే మొదటి అక్షరం నుంచే ఊపు అందుకోవాలి. ఆ విద్యలో ఆమెది గొప్ప చెయ్యి. అయినా మూడు నిమిషాల పాటతో ఒకరి జీవితాన్ని కొలవడం న్యాయం కాదు కదా.

ఇక్కడ ప్రకాశం పంతులు గారి ప్రస్తావన తేవలసి వస్తోంది. ఆంధ్రకేసరికి సోదరుడి కుమార్తె అన్న మాట ఆమె గురించిన ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది, మీ వ్యాసంలోనూ ఉంది. పేరున్న స్త్రీకి పేరున్న బంధువును వెతికి తగిలించే అలవాటు మనకు పాతదే. నిజానికి ఆ బంధుత్వంలో చెప్పుకోదగినది రాజకీయం కాదు, నాటకం. పంతులు గారు తమ ఆత్మకథలో స్వయంగా చెప్పుకున్నట్టు, చిన్నతనంలో ఒంగోలులోనూ తర్వాత రాజమండ్రిలోనూ తనను చేరదీసి చదివించిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి నాటక బృందంలో ఆయన వేషాలు వేశారు, అందులో స్త్రీ పాత్రలూ ఉన్నాయి. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తమ తొలి నాటకాలు రాసింది కూడా ఆ బృందం కోసమే. నాటకాలే వృత్తిగా బతికిన సురభి కుటుంబాల వంటి వారిని మినహాయిస్తే, ఆనాడు తెలుగు నాటకంలో స్త్రీ పాత్రకు స్త్రీ దొరికేది కాదు. కుటుంబ స్త్రీ రంగస్థలమెక్కడం పరువు తక్కువ. అలా పెదనాన్న మీసం రాని వయసులో చీర కట్టుకుని నాయిక వేషం వేయవలసి వచ్చిన ఊళ్లో పుట్టిన ఆడపిల్ల, న్యూయార్క్ నగరంలో ఒక నాటకానికి నాయికై విమర్శకుల పురస్కారం అందుకుంది. తెలుగు నాటక చరిత్ర రాసేవారికి ఇంతకంటే ముఖ్యమైన విషయం ఆ కుటుంబంలో ఇంకేముంటుంది?

ఆ నాటకం రవీంద్రనాథ్ ఠాకూర్ 1910లో బెంగాలీలో రాసిన 'రాజా'. ఇంగ్లీషులో 'ది కింగ్ ఆఫ్ ద డార్క్ చాంబర్' పేరుతో 1914లో వెలువడింది. ఠాకూర్ శతజయంతి వచ్చిన 1961లో, ఫిబ్రవరి నెలలో, న్యూయార్క్‌లోని మాన్‌హాటన్ తూర్పు 74వ వీధిలో జాన్ హస్ చర్చికి అనుబంధంగా ఉన్న నాటకశాలలో దాన్ని ప్రదర్శించారు. దర్శకుడు కృష్ణా షా; తర్వాతి కాలంలో హిందీలో 'షాలిమార్' తీసింది ఆయనే. నృత్యం భాస్కర్ రాయ్ చౌధురిది. మద్రాసు మెరీనాలో శ్రామిక విజయ శిల్పాన్ని చెక్కిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి కుమారుడాయన. రాణి సుదర్శన పాత్ర సూర్యకుమారిది. బ్రాడ్‌వే అనే పేరు వింటే మనవాళ్లకు వేల మంది కూర్చునే దీపాల భవంతులు గుర్తుకొస్తాయి గాని, ఇది 'ఆఫ్ బ్రాడ్‌వే' ప్రదర్శన. అటువంటి నాటకశాలల్లో సీట్లు అయిదు వందల లోపే ఉంటాయి. ఆ మాట చెబితే ఆమె ఘనత తగ్గుతుందేమోనని కొందరు కేవలం బ్రాడ్‌వే అని రాసేస్తుంటారు. తగ్గదు, పైగా పెరుగుతుంది. ఎందుకంటే అమెరికాలో ఆ రోజుల్లో కొత్త నాటకాలకూ, వ్యాపారానికి లొంగని ప్రయోగాలకూ ఆ చిన్న నాటకశాలలే ఆశ్రయమిచ్చాయి. అక్కడ నటి ముఖంలో ప్రతి కదలికా చివరి వరుసకు కూడా కనబడుతుంది, దాక్కోవడానికి వీలుండదు.

సుదర్శన పాత్ర ఎంత కష్టమైనదో కథ చెబితే గాని తెలియదు. రాజు తన రాణిని చీకటి గదిలో మాత్రమే కలుస్తాడు. అతని రూపాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. దాసి సురంగమకు ఆ చీకటితో పేచీ లేదు, రాణికి మాత్రం వెలుగులో అతన్ని చూసి తీరాలన్న పంతం. వసంతోత్సవంలో వెతుక్కోమంటాడు రాజు. ఆమె అందగాడైన సువర్ణుణ్ణి చూసి అతనే రాజని భ్రమపడి పూలు పంపుతుంది. తర్వాత నిప్పంటుకున్న ఉద్యానంలో తన పొరపాటు తెలుసుకుంటుంది, అసలు రాజు భీకర రూపాన్ని లిప్తపాటు చూసి భరించలేక పుట్టింటికి వెళ్లిపోతుంది. అక్కడ ఆమె కోసం రాజులు యుద్ధానికి దిగుతారు. అభిమానమంతా కరిగిపోయాక ధూళి నిండిన దారిలో కాలినడకన తిరిగి వస్తుంది. ఈ పాత్రధారిణి నాటకంలో సగం భాగం కంటికి కనబడని మనిషితో మాట్లాడాలి. ఎదుటివారి ముఖం చూసి స్పందించే అవకాశం లేనప్పుడు నటికి మిగిలే ఆధారం తన గొంతే. అహంకారం, అసూయ, సిగ్గు, లొంగుబాటు అన్నీ గొంతులోనే పలకాలి. పాటకూ మాటకూ మధ్య గీత చెరిగిపోయే నాటకం ఇది. దానికి మాట్లాడే నటి చాలదు, పాట మాత్రమే పాడే గాయని అయినా చాలదు. పన్నెండేళ్ల నుంచి రెండూ ఒకేసారి చేసిన మనిషి దొరకడం కృష్ణా షా అదృష్టం. న్యూయార్క్ వెలుపలి పత్రికలకు రాసే నాటక విమర్శకుల సంఘం 'ఔటర్ క్రిటిక్స్ సర్కిల్' ఆమెకు తన పురస్కారాన్ని ఇచ్చింది. ఒక భారతీయ నాటకంలో, ఒక భారతీయ నటికి, పరభాషలో చేసిన పాత్రకు దక్కిన గౌరవమది. దాన్ని మీ వ్యాసం మిస్ మద్రాస్ కిరీటానికి ఇచ్చిన చోటులో పదో వంతు కూడా ఇవ్వకపోవడం నాకు బాధ కలిగించింది.

ఆ నాటకం తర్వాత దక్షిణాఫ్రికాకు కూడా వెళ్లింది. వర్ణవివక్ష చట్టాలు ప్రేక్షకుల్ని కూడా రంగును బట్టి విడదీస్తున్న కాలమది. 1860 నుంచి చెరకు తోటల్లో కూలీలుగా వెళ్లిన తెలుగువారి సంతతి స్థిరపడిన నేటాల్ ప్రాంతపు ప్రధాన నగరం డర్బన్‌లో ఆ ప్రదర్శనను, దానితో పాటు కృష్ణా షా నడిపిన శిక్షణ తరగతులను, అక్కడి భారతీయ నాటకకర్తలు తమ ఆధునిక నాటకానికి ఒక మలుపుగా చెప్పుకుంటారు. ఆయన పేరుతో అక్కడ ఒక నాటక అకాడమీ కూడా ఏర్పడింది. డర్బన్ నాటక చరిత్రలో సూర్యకుమారి పేరు ఉంది. రాజమండ్రి నాటక చరిత్రలో లేదు.

లండన్ జీవితం గురించి క్లుప్తంగా చెబుతాను. 1965లో ఒక నాటకంలో నటించడానికి వెళ్లిన ఆమె అక్కడే ఉండిపోయి, 'ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్' అనే సంస్థను స్థాపించి, గానం, నృత్యం, అభినయం కలగలిపిన ప్రదర్శనలు నడిపారు, ఎందరికో నేర్పారు. థేమ్స్ నది ఒడ్డున సౌత్ బ్యాంక్‌లోని పర్సెల్ రూమ్ వంటి వేదికల మీద, ఇంగ్లీషు ప్రేక్షకుల ముందు, పలు భారతీయ భాషల పాటలు పాడుతూ నటించారు. 1973లో చిత్రకారుడు, రచయిత హెరాల్డ్ ఎల్విన్‌ను వివాహం చేసుకున్నారు. నాటకశాలలో ఆర్జించిన కీర్తిని పెద్ద ఉద్యోగంగానో, సినిమా అవకాశంగానో మార్చుకోకుండా, చిన్న బృందాన్ని పెట్టుకుని దశాబ్దాల పాటు నడపడాన్ని కొందరు వైఫల్యం కింద లెక్కగడతారు. మన దగ్గర నాటక సమాజాలు నడిపినవారిని అడిగితే, పది మంది కళాకారులను పట్టుకుని పదేళ్లు నడపడమంటే ఏమిటో చెబుతారు.

ఇప్పుడు చేయవలసిన పనుల విషయానికి వస్తాను. గోదావరి గట్టు మీద మరో విగ్రహం పెట్టమని నేను కోరడం లేదు. అక్కడ ఇప్పటికే సరిపడా ఉన్నాయి. మొదటి కోరిక రికార్డుల గురించి. లక్కతో చేసిన ఆ పాత రికార్డులు చేతిలోంచి జారితే చాలు, పగిలిపోతాయి. అవి ఇప్పుడు ఎక్కువగా సేకర్తల ఇళ్లలో ఉన్నాయి. మన కాపీరైట్ చట్టం ప్రకారం శబ్దముద్రణ మీద హక్కు, అది వెలువడిన అరవై ఏళ్ల తర్వాత తీరిపోతుంది, కనుక 1940ల నాటి ఆమె ముద్రణలను భద్రపరచి అందరికీ వినిపించడానికి ఆ వైపు నుంచి అడ్డంకి లేదు. పాటల సాహిత్యం, స్వరరచనల మీద హక్కు మాత్రం రచయితల మరణం నుంచి లెక్కకు వస్తుంది, దాన్ని విడిగా చూసుకోవాలి. కొందరు అభిమానులు ఇప్పటికే ఎక్కించిన ప్రతుల్లో వేగం హెచ్చుతగ్గులై గొంతు మారిపోయింది. రికార్డు సంఖ్య, సంవత్సరం, వాద్య బృందం వివరాలు లేవు. విజయవాడ, హైదరాబాద్ ఆకాశవాణి కేంద్రాలు గాని, ఏదైనా విశ్వవిద్యాలయం గాని సేకర్తలను కూడగట్టి, సరైన వేగంలో, పూర్తి వివరాలతో వీటిని డిజిటల్ రూపంలోకి మారిస్తే అది నిజమైన శతజయంతి ఉత్సవం అవుతుంది. పాఠశాలల్లో రాష్ట్ర గీతం వినిపించే రోజున కనీసం రచయిత పేరూ, మొదట పాడిన గాయని పేరూ చెప్పాలన్న నియమం పెట్టడానికి పైసా ఖర్చు కాదు.

రెండో కోరిక నాటక శాఖలకు. న్యూయార్క్ లింకన్ సెంటర్‌లోని ప్రజా గ్రంథాలయ విభాగం నాటక ప్రదర్శనల కరపత్రాలు, ఛాయాచిత్రాలు, పత్రికా సమీక్షలు ప్రత్యేకంగా భద్రపరుస్తుంది. 1961 నాటి ప్రదర్శనకు సంబంధించి అక్కడ ఏమేమున్నాయో వెతకడానికి ఆ నగరంలో తెలుగువారికి కొదవ లేదు. ఏటేటా సభలు జరుపుకునే అమెరికా తెలుగు సంఘాలు ఒక సాయంత్రపు సినీ తారల ఖర్చులో కొంత ఒక పరిశోధక విద్యార్థికి ఇస్తే ఈ పని పూర్తవుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం రంగస్థల కళల శాఖ వారు ఇటువంటి పరిశోధనాంశాన్ని చేపడితే, ఆమెతో కలిసి లండన్‌లో పనిచేసినవారు, ఆమె దగ్గర నేర్చుకున్నవారు ఇంకా మన మధ్య ఉండగానే వారి మాటలు రికార్డు చేయవచ్చు. ఆమె వెళ్లిపోయి ఇరవై ఏళ్లు దాటింది గనుక ఇది వాయిదా వేయదగిన పని కాదు.

మూడోది, నాటక సమాజాలకు ఒక మనవి. తెనాలిలోనూ, గుంటూరులోనూ, మా గోదావరి జిల్లాల్లోనూ తన పద్యం తానే పాడుకుంటూ నటించే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వారిలో చాలామందికి పరిషత్తు పోటీల బహుమతులు తప్ప మరో గుర్తింపు లేదు. నంది నాటకోత్సవాల్లో గాన నటీమణులకు ప్రత్యేకంగా సూర్యకుమారి పేరిట ఒక పురస్కారం ఏర్పాటు చేస్తే సముచితంగా ఉంటుంది. అలాగే ఆమె సుదర్శనగా నటించిన ఆ ఠాకూర్ నాటకాన్ని ఏదైనా సమాజం, పద్యనాటక సంప్రదాయం తెలిసిన నటితో, రాజమహేంద్రవరం ఆనం కళాకేంద్రంలో తెలుగులో ప్రదర్శించాలని కోరుకుంటున్నాను. తబలా, హార్మోనియం, ఒక చీకటి గది చాలు. ఖరీదైన సెట్టింగులు అవసరం లేని నాటకమది.

మీ పత్రిక ఈ విషయంలో చేయగలిగిన సాయం ఒకటుంది. సూర్యకుమారి రికార్డులు, ఉత్తరాలు, ప్రదర్శనల కరపత్రాలు, ఛాయాచిత్రాలు తమ వద్ద ఉన్న పాఠకులు ముందుకు రావలసిందిగా ఒక చిన్న ప్రకటన వేసి, వచ్చిన స్పందనను ఏదైనా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అందజేయగలరేమో ఆలోచించండి. వ్యాసకర్త గారు తమ వ్యాసానికి రెండో భాగం రాసేట్టయితే, 1937 నుంచి 1955 వరకు జరిగిన కథను మళ్లీ చెప్పకుండా, నేరుగా 1961 నుంచి మొదలుపెట్టమని మనవి.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు,
రాజమహేంద్రవరం